సొంత ఆదాయం: లేదు

పన్ను కాగితాలు నింపే నెల వచ్చిందంటే చాలు, ఆ వీధిలో సొంత వ్యాపారాలు చేసుకునేవాళ్ల ముఖాల్లో నెత్తురుచుక్క ఉండేది కాదు. తాళాలు చేసే ఆయన అయినదానికీ కానిదానికీ భార్య మీద కేకలేసేవాడు. గడియారాలు బాగుచేసే ఆయన ఏడాది పొడుగునా రేకుడబ్బాలో పడేసిన రసీదులన్నీ బల్ల మీద బోర్లించుకుని, సగం కాగితాల మీద అక్షరాలే వెలిసిపోయాయని తల పట్టుకునేవాడు. ఒక్క ఫొటోలకు ఫ్రేములు కట్టే మేస్త్రి మాత్రం షాపు ముందు కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని టీ తాగేవాడు. "మనకేం భయమయ్యా, మన రిటర్ను పోయిన వారమే వెళ్లిపోయింది" అనేవాడు, అదేదో తానే నింపి పంపినట్టు.

నింపింది ఆయన భార్య. ఆ మాటకొస్తే ఆ షాపులో చెక్క కోసిందీ, మూలలు అతికిందీ, గాజు తుడిచిందీ కూడా ఆవిడే. మేస్త్రి అన్న పేరు మాత్రం ఆయనది. ఆవిణ్ణి వీధిలో అందరూ "మేస్త్రిగారి ఆవిడ" అనేవాళ్లు. అంతకు మించి ఆవిడకు ఒక పేరుందని, దాంతో పిలవొచ్చని ఎవరికీ తోచలేదు.

షాపంటే రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, గోడ నిండా రకరకాల ఫ్రేముల మూల ముక్కలు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు స్టూళ్లు. తలుపు దాటితే వెనక గది. అక్కడ గోడకు ఆనించిన గాజు పలకలు, రంపం, జిగురు డబ్బా, ఎంత ఊడ్చినా పోని రంపపు పొట్టు. ఆవిడ బతుకంతా ఆ గదిలోనే గడిచింది. పెళ్లయిన కొత్తలో మేస్త్రే ఆవిడకు పని నేర్పాడు, అది కాదనడానికి లేదు. చెక్కను ఏ వాలులో కోయాలో, గాజు మీద కట్టరును మధ్యలో ఆపకుండా ఒక్క గీతలో ఎలా లాగాలో చూపించాడు. మూడు మూలలు ఎవరైనా కలుపుతారు, పనివాడెవడో నాలుగో మూల దగ్గరే తెలుస్తుందని చెప్పాడు. కొన్నేళ్లు తిరిగేసరికి ఆవిడ కలిపిన నాలుగో మూల ఆయన కలిపినదానికంటే బిగుతుగా కూర్చునేది. సరిగ్గా అప్పుడే ఆయనకు భుజం నొప్పి పట్టుకుంది. నొప్పి నిజమైనదే. కాకపోతే వెనక గదిలోకి రావాల్సి వచ్చినప్పుడే అది ఎక్కువయ్యేది.

ముందు గదిలో జనం తయారైన ఫ్రేమును వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మేస్త్రీ, నీ చేతిలో ఏదో ఉందయ్యా" అనేవాళ్లు. ఆయన తల వంచుకుని చిన్నగా నవ్వేవాడు. కాదనేవాడు కాదు. తలుపు అవతల ఆవిడకు అన్నీ వినపడేవి. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఏమీ అనిపించేది కాదు. తర్వాత్తర్వాత ఒళ్లు మండేది. మండినా, గాజు కోసేటప్పుడు చెయ్యి వణక్కూడదు కాబట్టి ఆ మంటను పక్కన పెట్టి పని చేసుకునేది.

పన్ను కాగితాలు ఆవిడ చేతికి రావడానికీ ఒక కథ ఉంది. షాపు పెట్టిన మొదటి ఏడాది లాభం లేదు. లాభమే లేనప్పుడు పన్నేమిటి, పన్నే లేనప్పుడు కాగితాలేమిటని మేస్త్రి హాయిగా ఊరుకున్నాడు. గడువు దాటిపోయింది. పన్ను ఆఫీసు నుంచి కవరొచ్చింది. ఆయన దాన్ని చూసి పాము కనిపించినట్టు బెదిరిపోయి, విప్పకుండానే వెనక గదిలో, ఫ్రేముల వెనక వేసే అట్టల దొంతర కింద దాచేశాడు. దాచిన చోటు చూడండి! రోజుకు పది అట్టలు తీసే మనిషి ఆవిడ. మూడో రోజుకే కవరు ఆవిడ చేతికొచ్చింది.

"ఏవండీ, ఇదేంటి?"

"ఏదో ఆఫీసు కాగితంలే. వాళ్లే మర్చిపోతారు."

వాళ్లు మర్చిపోయే రకం కాదని ఆవిడకు చదవగానే అర్థమైంది. ఆయన్ని వెంటబెట్టుకుని, రొట్టెల షాపు పైన మేడమెట్లెక్కి ఆడిటరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆడిటరు చెడ్డమనిషి కాదు, ఓపికగా చెప్పాడు. "ఇంకొకరి దగ్గర జీతం చేసేవాళ్లకైతే ఆ ఇచ్చేవాళ్లే పన్ను కోసుకుని మిగతాది చేతిలో పెడతారు. మీకు కోసేవాడు లేడు. ఈ ఏడాది ఎంతొస్తుందో మీరే అంచనా వేసుకుని, ముందుగానే నాలుగు వాయిదాల్లో కట్టుకోవాలి. ఏడాది ముగిశాక గడువులోగా రిటర్ను వేయాలి. లాభమొచ్చినా వేయాలి, నష్టమొచ్చినా వేయాలి. కొన్న ప్రతి మేకుకీ రసీదు దాచుకోవాలి."

"నష్టపోయామని కూడా మనమే వెళ్లి చెప్పుకోవాలా సార్?" అన్నాడు మేస్త్రి.

"చెప్పుకోకపోతే వచ్చే ఏడాది లాభంలోంచి ఆ నష్టం తగ్గించరు. ఇంతకీ షాపులో మీరొక్కరేనా?"

"మా ఆవిడ కూడా వస్తుందండీ, సాయానికి."

ఆడిటరు కలం పక్కన పెట్టాడు. "అయితే రెండు దారులున్నాయి. ఆవిడకు జీతం ఇస్తున్నట్టు చూపిస్తే అది మీకు ఖర్చు కింద పోతుంది, కానీ ఆవిడ వేరే రిటర్ను వేసుకోవాలి. లేదంటే ఆవిడ ఏ పనీ చేయడం లేదు, మీ మీదే ఆధారపడి ఉందని రాస్తే మీకు కొంత మినహాయింపు వస్తుంది. ఏదో ఒకటే."

"ఏది లాభం సార్?"

"రెండోది. తేడా పెద్దగా లేదు గానీ ఒక్క కాగితంతో పోతుంది."

మేస్త్రి పెద్దగా నవ్వాడు. "సొంత పెళ్లానికి జీతమేంటండీ, నలుగురూ వింటే నవ్విపోతారు. రెండోదే రాసేయండి." ఆవిడ కూడా నవ్వింది. ఆ నవ్వంటేనే నాకు కడుపు మండుతుంది. ఎవరూ ఆవిడ చెయ్యి పట్టుకుని రాయించలేదు, ఎవరూ బెదిరించలేదు. మొగుడి తెలివి చూసి మురిసిపోయి మరీ నవ్వింది.

అప్పటినుంచి కాగితాల పని ఆవిడదే అయింది. నేర్చుకోవడంలో ఆవిడ గట్టిది. వాయిదాల తేదీలు నోటికొచ్చేశాయి. రసీదులు రాగానే నెలవారీగా కుట్టి పెట్టేది. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ బల్ల మీద రంపపు పొట్టు తుడిచి, రిటర్ను ఫారం పరుచుకుని కూర్చునేది. జిగురు ఆరేలోపు ఒక పేజీ అయ్యేది. అందులో మూడో పేజీలో ఒక గడి ఉండేది. భార్యకు సొంత ఆదాయం ఉందా? ఆవిడ "లేదు" అని రాసేది. దాని కింద భార్య ధ్రువీకరణ. "నేను ఏ ఉద్యోగమూ, వృత్తీ, వ్యాపారమూ చేయడం లేదు. నా పోషణ పూర్తిగా నా భర్తదే" అని అచ్చువేసి ఉండేది. దాని కింద ఆవిడ సంతకం పెట్టేది. వేలికి అంటుకున్న జిగురు కాగితానికి అంటకుండా చూసుకుంటూ, ఏ పనీ చేయడం లేదని సంతకం పెట్టేది. ఇలా ఇరవై ఏళ్లకు పైగా గడిచింది. ఒక్క ఏడాది కూడా గడువు దాటలేదు. ఆ మినహాయింపు వల్ల ఏడాదికి మిగిలిందెంతంటే, ఒక జత మంచి చెప్పులు కొనుక్కోవచ్చు. అవీ మేస్త్రే కొనుక్కునేవాడు.

మేస్త్రికి ఒక తమ్ముడున్నాడు. ఇళ్లు అద్దెకు కుదిర్చిపెట్టే కమీషన్ బేరగాడు. ఒక నెల బేరం కుదిరితే మూడు నెలలు విశ్రాంతి తీసుకునే మనిషి. గడువు దగ్గర పడగానే ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు పట్టుకుని వచ్చి, "వదినా, నువ్వే దిక్కు" అని స్టూలు మీద కూలబడేవాడు. ఆవిడ అతని రిటర్ను కూడా నింపేది. అతని ఆదాయం కాస్తే, కానీ ఏటేటా అతని పేరు మీద ఒక రిటర్ను తప్పకుండా ఆఫీసుకు చేరేది. వదిన చేతిచలవ.

ఒకరోజు పొద్దున్న ముందు గదిలో మాట్లాడుతూ మాట్లాడుతూ మేస్త్రి బల్ల మీదికి ఒరిగిపోయాడు. గుండె. ఆవిడ వెనక గదిలోంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. ఆవిడ ఏడ్చింది. ఆ మనిషి మీద ఎంత మంటున్నా, అన్నేళ్లు ఒక్క చెక్క తలుపుకు అటొకరూ ఇటొకరుగా బతికిన మనిషి కదా. ఏడుపు పూర్తిగా ఆరకముందే ఆవిడకు తోచింది, చనిపోయిన మనిషికీ రిటర్ను వేయాలని. ఆయన బతికున్నన్ని నెలల లెక్క రాసి, ఆయన వారసురాలిగా ఒక సంతకం, ఆయన మీద ఆధారపడిన భార్యగా ఇంకో సంతకం పెట్టి, గడువుకు ముందే పంపేసింది. ఈసారి చెప్పులు కొనుక్కునేవాడు కూడా లేడు.

అదే సమయంలో ఆ షాపున్న భవనం చేతులు మారింది. కొత్త యజమాని పాత అద్దె ఒప్పందాలన్నీ రద్దు చేసి, అందరూ కొత్తగా రాసుకోవాలన్నాడు. వ్యాపారం చేసుకునేవాళ్లయితే తమ పేరు మీద వరుసగా మూడేళ్ల రిటర్నులు చూపించాలి. చూపించలేనివాళ్లు నెలాఖరుకు గది ఖాళీ చేయాలి. వీధంతా గగ్గోలెత్తిపోయింది. ఆవిడ మాత్రం ధైర్యంగానే ఉంది. రిటర్నులంటేనా? ఇంట్లో పెట్టెడున్నాయి.

ఆ పెట్టెను మోసుకుంటూ వెళ్లి యజమాని గుమాస్తా ముందు పెట్టింది. గుమాస్తా పై మూడు తీసి చూశాడు. "ఇవి మేస్త్రిగారివి కదమ్మా. మీవేవి?"

"ఇవే బాబూ. అన్నీ నేను నింపినవే. ఆ షాపులో పని చేసిందీ నేనే."

"కావచ్చమ్మా. కానీ మీ పేరు మీద రిటర్ను కావాలి."

"అదే చెప్తున్నా, ఆ వ్యాపారం నేనే నడిపాను. వీధిలో ఎవర్నైనా అడుగు."

అతను మూడో పేజీ తిప్పి ఆవిడ వైపు జరిపాడు. గొంతు పెంచలేదు, వెటకారం చేయలేదు. "ఏ వృత్తీ చేయడం లేదని మీరే రాశారు కదమ్మా. కింద సంతకం మీదేనా?"

సంతకం తనదే. ఆ కాగితం మీదే కాదు, పెట్టెలో ఉన్న ప్రతి కాగితం మీదా తనదే. అతను పై మూడింటితో ఆపి మంచి పని చేశాడు.

అక్కణ్ణుంచి నేరుగా ఆడిటరు దగ్గరికి వెళ్లింది. ఆయన ముసలివాడయ్యాడు, మెట్లు మాత్రం అవే. విషయం చెప్పి, "పాతవి సరిదిద్ది మళ్లీ వేయొచ్చు కదండీ? తప్పు రాస్తే సవరించుకోవచ్చని మీరే చెప్పారు" అంది.

"సవరించుకోవచ్చు. దానికీ ఒక గడువుంటుంది, అది దాటిపోయింది. పైగా ఇప్పుడు నేను పని చేశానంటే, అప్పుడు చేయలేదని పెట్టిన సంతకాలు అబద్ధాలవుతాయి. ఇన్నేళ్ల మినహాయింపూ వడ్డీతో సహా కట్టమంటారు. ఆపైన జరిమానా. నీ దగ్గర ఉందా అంత?"

"అయితే నిజం చెప్పడం కూడా తప్పేనా?"

"నిజమేనమ్మా. గడువు దాటిన నిజం."

ఆవిడకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "ఆ రోజు రెండోది లాభమని చెప్పింది మీరే కదా!"

ఆడిటరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "లాభమేదని అడిగితే లాభమేదో చెప్పాను. నీకేం పోతుందని ఆ రోజు ఎవరూ అడగలేదమ్మా. నువ్వు కూడా అడగలేదు."

మెట్లు దిగుతూ ఆవిడ ఆయన్ని మనసులో నానా మాటలూ అంది. వీధి మలుపు తిరిగేసరికి ఆ తిట్లన్నీ తనకే తగిలాయి.

సాయంత్రం మరిది వచ్చాడు. సంగతంతా విని, "ఓస్, ఇంతేనా వదినా! నా పేరు మీద రిటర్నులున్నాయిగా. ఒప్పందం నేను రాస్తాను. పేరు మాత్రమే నాది, షాపు నీదే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని మనసులో కల్మషం లేదు. ఆవిడకు వేరే దారీ లేదు. గుమాస్తా అతని రిటర్నులు చూసి తల ఊపి, ముద్ర వేసి ఇచ్చాడు. గాజుకు ఏ వైపు గీత పెట్టాలో తెలియని మనిషికి షాపు వచ్చింది. దాన్ని తెచ్చిపెట్టిన రిటర్నులు కూడా ఆవిడ నింపినవే.

మరిది ముందు గదిలో అన్న కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ వెనక గదిలోకి వెళ్లింది. నెల తిరక్కుండానే జనం, "అన్న హస్తవాసి తమ్ముడికీ వచ్చిందే" అనడం మొదలుపెట్టారు. అతను మొదటిసారి, "అబ్బే, అంతా మా వదిన చలవేనండీ" అన్నాడు. రెండోసారి నవ్వి ఊరుకున్నాడు. మూడోసారికి తల వంచుకుని చిన్నగా నవ్వడం వచ్చేసింది.

ఇంటి ఖర్చుకని వారం వారం ఆవిడ చేతిలో కొంత పెట్టేవాడు. ఇంతని లెక్క లేదు. బోర్డు మీద అన్న పేరు చెరిపించి తన పేరు రాయించాడు, చట్టప్రకారం అలా ఉండాలట. చట్టం మరిదికి ఎప్పుడూ ఇలాంటి చోటే గుర్తొచ్చేది.

ఏడాది తిరిగింది. గడువు నెల వచ్చింది. మరిది ఈసారి ప్లాస్టిక్ సంచి కాదు, తోలు సంచి పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. "వదినా, ఎప్పటిలాగే" అని కాగితాలు బల్ల మీద పెట్టాడు.

ఆవిడ చేతులు తుడుచుకుని కూర్చుంది. ఆదాయం రాసింది. చెక్క, గాజు, జిగురు, అద్దె, అన్నీ రాసింది. జీతాల గడి దగ్గర ఆగింది. "ఇక్కడ నా జీతం ఎంత రాయమంటావు?"

"నీ జీతమా?"

"పని నేను చేస్తున్నా కదయ్యా. జీతం చూపిస్తే నీకు ఖర్చు కింద పోతుంది. నా రిటర్ను నేను వేసుకుంటాను. మూడేళ్లు వరుసగా వేస్తే నా పేరు మీద నేనే ఒప్పందం రాసుకోవచ్చు."

మరిది తల గోక్కున్నాడు. "అది కాదు వదినా. నేను ఆడిటరును అడిగాను. భర్త పోయిన వదిన నా మీద ఆధారపడి ఉందని రాస్తే మినహాయింపు వస్తుందట. ఒక్క కాగితంతో పోతుంది. అయినా ఇంట్లో మనిషికి జీతమేంటి?"

ఈసారి ఆవిడ నవ్వలేదు. "పేరు మాత్రమే నాది, షాపు నీదే అన్నావు."

"ఇప్పుడు మాత్రం కాదన్నానా? కానీ పుస్తకాల్లో జీతమంటే నిజంగా ఇవ్వాలి కదా. బయటినుంచి ఎవర్నైనా పెట్టుకుంటే అందులో సగానికి వస్తారు వదినా. ఏదో నువ్వు మనిషివని..." మిగతాది మింగేశాడు. మింగినా ఏం లాభం, అనాల్సింది అనేశాడు.

ఆవిడ కలం మూత పెట్టింది. "అయితే పెట్టుకో" అంది. గోడకు వేలాడుతున్న గాజు కట్టరు ఒక్కటి తీసుకుంది. "గడువు నెలాఖరు. సగం నింపాను, మిగతాది నింపుకో. ధ్రువీకరణ మీద మాత్రం నా సంతకం దొరకదు."

మరిది వెనకాలే వీధి దాకా వచ్చాడు. బతిమాలాడు, కోప్పడ్డాడు, నలుగురూ చూస్తున్నారని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ ఏడాది అతనికి గడువు దాటిపోయి జరిమానా పడిందని చెప్పుకున్నారు. పడనీ. షాపు మాత్రం మూతపడలేదు. ఫ్యాక్టరీ నుంచి తయారైన ఫ్రేములు తెప్పించి అమ్ముతున్నాడు, వాటి మూలల్ని మిషను కలుపుతుంది. జనం వాటినీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుని బాగున్నాయనే అంటున్నారు. తేడా ఎవరికీ తెలియలేదు. ఆవిణ్ణి అన్నిటికంటే ఎక్కువగా కోసింది అదే.

ఆవిడ ఇంట్లో ముందు గది ఖాళీ చేసి, తలుపు చెక్కనే బల్లగా వేసుకుంది. పాతవాళ్లలో ఇద్దరు ముగ్గురు వెతుక్కుంటూ వచ్చారు. చేసిన పనికి రసీదు రాసిచ్చింది, కొన్న గాజుకు రసీదు తీసుకుంది. ఏడాది చివర లెక్క చూస్తే నష్టమే తేలింది. అయినా రిటర్ను వేయాలని ఆవిడకు ఒకరు చెప్పక్కర్లేదు. తన పేరు రాసి, గడువుకు చాలా ముందే పన్ను ఆఫీసుకు వెళ్లి వరుసలో నిలబడింది.

కిటికీ అవతల ఒక యువకుడు కాగితాలు తిరగేశాడు. "అమ్మా, కొత్త వ్యాపారమైతే నింపాల్సిన గడి ఒకటి వదిలేశారు. ఇంతకుముందు ఈ వృత్తి చేశారా? అవునో లేదో రాయాలి."

ఆ గడి ఆవిడ మర్చిపోయి వదలలేదు. ఇంటి దగ్గర రెండు రోజులు దాని ముందే కూర్చుని వదిలేసి వచ్చింది. అవునని రాస్తే పెట్టెడు సంతకాలూ అబద్ధాలవుతాయి. వెనక మనుషులు తొందరపడుతున్నారు. ఆవిడ కలం తీసుకుని "లేదు" అని రాసింది.

అతను ముద్ర వేస్తూ వృత్తి ఏమిటో చదివి, ఆవిడ వయసు చూసి జాలిపడ్డాడు. "గాజు పనా అమ్మా? ఈ వయసులో కొత్తగా మొదలుపెడుతున్నారు. మొదట్లో చేతులు తెగుతాయి, జాగ్రత్త."

కిటికీ గట్టు మీద ఉన్న ఆవిడ చేతి నిండా పాత గాట్లు. కొన్ని తెల్లగా మానిపోయినవి, కొన్ని వేళ్ల మీద ఒకదాని మీద ఒకటి పడినవి. అతను చూస్తాడేమోనని ఆవిడ గబుక్కున ఆ చేతిని కాగితాల కిందికి లాక్కుంది. "సరే బాబూ" అంది, "జాగ్రత్తగానే నేర్చుకుంటాను."